లారీకి ఎయిర్ పట్టినప్పుడు ఏ దారి మేలు: డీజిల్ లైను సర్వీసులో ఎంపికలు

డీజిల్ లైనులో ఎయిర్ పట్టి ఆగిపోయిన లారీని మళ్లీ స్టార్ట్ చేయడానికి దారులు చాలానే ఉన్నాయి. చేతి పంపు కొట్టి గాలి తీయవచ్చు, నాజిల్ పైపులు వదులు చేసి సెల్ఫ్ కొట్టవచ్చు, తాళం తిప్పి ఎలక్ట్రిక్ పంపుతో లైను నింపవచ్చు, ఇంకో బండికి కట్టి లాగించవచ్చు, లేదా పానా ముట్టకుండా మేస్త్రీని పిలిపించవచ్చు. వీటిలో ఏది మంచిదో చెప్పాలంటే ముందు రెండు సంగతులు తేలాలి. బండిలో ఉన్నది పాతకాలపు మెకానికల్ పంపా, లేక అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ ఇచ్చి కంప్యూటర్‌తో నడిచే కామన్ రైలా అన్నది మొదటిది. ఫిల్టర్ మార్చడం వల్లో ట్యాంకు ఖాళీ కావడం వల్లో గాలి చేరిందా, లేక ఎవరూ ఏ పనీ చేయకుండా దానంతట అదే చేరిందా అన్నది రెండవది. నా దృష్టిలో రెండవ ప్రశ్నే పెద్దది, ఎందుకంటే కారణం తెలిసిన గాలిని తీస్తే పని అయిపోతుంది గాని, కారణం తెలియని గాలిని తీస్తే మరునాడు పొద్దున మళ్లీ తీయవలసి వస్తుంది.

గాలి ఎందుకు ఇంత ఇబ్బంది పెడుతుందో ఒకసారి చూద్దాం. డీజిల్ ఒత్తిడికి దాదాపు కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. మెకానికల్ పంపులో ప్లంజర్ పైకి లేచినప్పుడు పైపులోని డీజిల్ మీద ఒత్తిడి పెరిగి, అది సుమారు 200 బార్, కొన్ని ఇంజిన్లలో అంతకంటే ఎక్కువ, చేరగానే నాజిల్ సూది లేచి డీజిల్ తుంపరగా సిలిండర్‌లో పడుతుంది. మధ్యలో బుడగ ఉంటే ప్లంజర్ శ్రమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోయి నాజిల్ తెరుచుకోదు. కామన్ రైల్‌లోనూ కథ ఇదే, కాకపోతే అక్కడ రైల్‌లో తగినంత ఒత్తిడి వచ్చిందని సెన్సర్ చెబితే గాని కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. అందువల్ల సెల్ఫ్ ఎంత తిరిగినా ఇంజిన్ కనీసం దగ్గను కూడా దగ్గదు.

పంపు ఏ రకమో తేల్చుకోవడం

ఇంజిన్ పక్కన నిలబడి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. మెకానికల్ పంపుల్లో లారీలకు ఎక్కువగా ఉండే ఇన్‌లైన్ పంపు బండిలో పంపు నెత్తి మీది నుంచి సిలిండర్‌కు ఒకటి చొప్పున సన్నని ఇనుప పైపులు వరుసగా లేచి నేరుగా నాజిళ్లకు పోతాయి, పంపు పక్కకు అంటి ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, దాని మీద తిప్పి పైకి లేపే చేతి పంపు నాబ్ ఉంటాయి. ఆటోనగర్‌లో పాతతరం మేస్త్రీలు మైకో పంపు అనేది దీనినే. కామన్ రైల్ బండిలో ఇంజిన్ పొడవునా ఒక లావుపాటి ఉక్కు గొట్టం ఉంటుంది, పైపులన్నీ అందులోంచే బయలుదేరతాయి, ఇంజెక్టర్లకు వైరింగ్ కూడా వెళ్తుంది.

బండి కాగితాల మీది కాలుష్య ప్రమాణాన్ని (బీఎస్) చూసి పంపు రకాన్ని ఊహించడం అన్నివేళలా కుదరదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 లారీల్లో సాధారణంగా కనిపించేది కామన్ రైలే. అంతకు ముందరి బీఎస్-4 బండ్లలో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి. 2017లో ఆ ప్రమాణం దేశమంతటా వచ్చినప్పుడు అశోక్ లేలాండ్ ఐఈజీఆర్ అనే పద్ధతిని తెచ్చి, ఇన్‌లైన్ పంపునే ఉంచుకుని ఇంజిన్లను ఆ ప్రమాణానికి చేర్చింది. కనుక ఆర్‌సీలో బీఎస్-4 అని చూసి స్కానర్ ఉన్న షాపు కోసం వెతికేవారు ముందు బానెట్ కిందో, క్యాబిన్ లేపో చూసుకోవడం మంచిది. పాత చిన్న లారీల్లో ఉండే రోటరీ పంపుల్లో (ఇదీ మెకానికల్ రకమే) కొన్ని లోపలి గాలిని రిటర్న్ పైపు ద్వారా కొంత తమంతట తామే పంపేసుకుంటాయి.

డీజిల్ కారుతోందా, గాలి పీలుస్తోందా

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను పీల్చే లైను. ఫీడ్ పంపు దాటిన తర్వాత ఉన్నది తోసే లైను. తోసే లైనులో పగులు ఉంటే డీజిల్ బయటికి కారుతుంది, తడి కనబడుతుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంటుంది. పీల్చే లైనులో అదే పగులు ఉంటే ఇంజిన్ నడుస్తున్నంతసేపు గాలి లోపలికి పోతుందే తప్ప చుక్క డీజిల్ కూడా బయటికి రాదు. అందుకే “ఎక్కడా కారడం లేదండీ, అయినా ఎయిర్ పడుతోంది” అనే డ్రైవర్ మాటను ఫిర్యాదుగా కాక ఆధారంగా తీసుకోవాలి. ఆ ఒక్క మాటతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోయింది: ట్యాంకులోని పీల్చే గొట్టం, ఛాసిస్ వెంట వచ్చే పైపు, నీళ్లు వేరుచేసే గిన్నె రబ్బరు రింగు, ఫీడ్ పంపుకు ముందున్న బంజో బోల్టుల (పైపు చివర బిగించే, లోపల డీజిల్ పోయే రంధ్రం ఉన్న బోల్టుల) రాగి వాషర్లు. ఫిల్టర్ కూడా పీల్చే వైపే ఉన్న బండ్లలో దాని మీది చేతి పంపును కూడా అనుమానించాలి.

ఛాసిస్ వెంట పైపు క్లిప్ ఊడి ఇనుముకు రాసుకునే చోటును చేత్తో తడిమి చూడాలి. చూపుకు పైన నున్నగా కనిపించే పైపు కిందివైపున గోరు దిగేంత అరిగి ఉంటుంది. టిప్పర్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే క్వారీ దారిలో కుదుపులకు ముందు పోయేది క్లిప్పులే.

కారణం వెతకడానికి రెండు పరీక్షలున్నాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. మొదటిది ఫీడ్ పంపు ముందర మూరెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి ఇంజిన్ నడిపి చూడడం, బుడగలు కంటికే కనబడతాయి. రెండవది ట్యాంకును పూర్తిగా పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న క్యాన్ నుంచి నేరుగా ఫీడ్ పంపుకు పైపు ఇవ్వడం. క్యాన్ మీద ఇంజిన్ గంటసేపు నిలకడగా నడిచి, ట్యాంకు మీద పెట్టగానే మళ్లీ ఊగిసలాడితే తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యలోనే ఉందని తేలిపోతుంది. నేనైతే క్యాన్ పరీక్షకే ఓటు వేస్తాను. పారదర్శక పైపులో ఒకటి రెండు సన్నని బుడగలు బాగున్న బండిలో కూడా కనబడి అనవసరపు అనుమానం పుట్టిస్తాయి, క్యాన్ మాత్రం అవును కాదు అని తేల్చేస్తుంది. కామన్ రైల్ బండికి క్యాన్ పెట్టేటప్పుడు దానికీ పంపుకూ మధ్య మంచి ఫిల్టర్ తప్పనిసరి.

గాలిలా కనిపించి గాలి కానివి కూడా ఉన్నాయి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి బండికి పికప్ పోతుంది. అప్పుడు మూత తిప్పితే బుస్సుమని శబ్దం వస్తుంది, కాసేపు బాగా నడిచి మళ్లీ మొరాయిస్తుంది. ఫిల్టర్ పూడిపోయినా, ట్యాంకు అడుగు మడ్డి పీల్చే గొట్టం జాలీకి పట్టినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. రాత్రి ఆపి పొద్దున తీస్తే చాలాసేపు సెల్ఫ్ తీసుకుని, ఒకసారి అందుకున్నాక రోజంతా బాగుండే బండిలో అయితే డీజిల్ రాత్రికి రాత్రి ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందని అర్థం. ఫీడ్ పంపులోని వన్ వే వాల్వో, పై భాగంలోని సన్నని గాలి దారో అందుకు కారణమవుతుంది.

గాలి తీసే పద్ధతుల మధ్య పోలిక

ఇన్‌లైన్ పంపు బండికి చేతి పంపును మించిన పద్ధతి లేదు. ట్యాంకులో చాలినంత డీజిల్ పోసి, ఫిల్టర్ తల మీద గాలి వదలడానికి ఉండే బ్లీడర్ స్క్రూ చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు మూడు చుట్లు వదులు చేసి నాబ్ కొట్టడం మొదలుపెట్టాలి. మొదట నాబ్ చేతికి ఏ పట్టూ లేకుండా ఉత్తగా ఆడుతుంది. తర్వాత స్క్రూ దగ్గర తెల్లని నురగ వస్తుంది, ఆ నురగ చిటపటలాడే డీజిల్‌గా మారుతుంది, చివరికి బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తూ ఉండగానే, అంటే నాబ్ నొక్కి ఉన్నప్పుడే, స్క్రూ బిగించాలి. చేయి వదిలాక బిగిస్తే పోయిన గాలి తిరిగి వస్తుంది. ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని చేయాలి. ఈ క్రమాన్ని తిరగేసి ముందు పంపు, తర్వాత ఫిల్టర్ దగ్గర గాలి తీసేవారు ఫిల్టర్‌లోని గాలిని మళ్లీ పంపులోకి తోస్తారు.

చాలా సందర్భాల్లో ఇంతటితో బండి అందుకుంటుంది. అందుకోకపోతేనే రెండవ పద్ధతికి వెళ్లాలి: నాజిళ్ల దగ్గర రెండు మూడు పైపుల నట్లు ఒక చుట్టు వదులు చేసి, ఇంజిన్ ఆపే తీగ లాగి ఉండకుండా చూసుకుని, సెల్ఫ్ కొట్టాలి. డీజిల్ చిమ్మడం మొదలవగానే బిగించాలి. సెల్ఫ్‌ను ఒక విడతలో 15 సెకన్లకు మించి తిప్పకుండా, విడత విడతకు ఒకటి రెండు నిమిషాల విరామం ఇవ్వడం మంచిది, ఎందుకంటే 24 వోల్టుల సెల్ఫ్ మోటార్ కాయిల్ కాలిపోతే గాలి సంగతి పక్కకు పోయి అదే అసలు ఖర్చవుతుంది.

ఈ రెండవ పద్ధతిని కామన్ రైల్ బండి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రయోగించకూడదు. రైల్‌లో ఒత్తిడి 1,600 బార్, అంతకు పైన కూడా ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్‌లో ఆ పైపు నట్టు వదులు చేస్తే సూదిలా వచ్చే ధార తోలు చేతి తొడుగును, చర్మాన్ని దాటి కండలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయం వెంటనే శస్త్రచికిత్స చేయవలసిన అత్యవసర స్థితి, దానికి పసుపు అద్ది ఊరుకోవడం వేళ్లు పోగొట్టుకోవడమే. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా ఒత్తిడి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. ఇక్కడ గాలి తీయడమంతా తక్కువ ఒత్తిడి లైనులోనే జరగాలి. ఫిల్టర్ మీది చేతి పంపును గట్టిపడేదాకా కొట్టడం, లేదా ట్యాంకు వైపు ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండిలో తాళం ఆన్ చేసి పంపు శబ్దం ఆగేదాకా ఉంచి, ఆఫ్ చేసి, ఇలా నాలుగైదు సార్లు చేయడం సరైన పద్ధతి. రైల్ లోపలి మిగిలిన గాలి రిటర్న్ దారిన దానంతట అదే పోతుంది. రెండింటిలో చేతి పంపు నమ్మకమైనది, పట్టు బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. ఎలక్ట్రిక్ పంపు సౌకర్యమైనది, క్యాబిన్ దిగనక్కర్లేదు.

ఖాళీ లైనుతో సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం ఇన్‌లైన్ పంపుకంటే కామన్ రైల్‌కు ఎక్కువ చేటు. ఆ అధికపీడన పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. డీజిల్ లేకుండా తిరిగితే లోపల అరిగిన ఇనుప రజను రైల్ గుండా ప్రతి ఇంజెక్టర్‌లోకీ పోతుంది. అప్పుడు పంపుతో ఆగదు, ఇంజెక్టర్లు, రైల్, పైపులు, ట్యాంకు శుభ్రం అన్నీ ఒకే బిల్లులో వస్తాయి.

ఇక మరో రెండు పద్ధతులు కూడా రోడ్డు మీద విరివిగానే కనిపిస్తాయి. ట్యాంకు మూత దగ్గర గుడ్డ చుట్టి కంప్రెసర్ గాలి పెట్టి డీజిల్‌ను తోయించడం ఒకటి. నోటితో ఊదితే చాలే పనికి టైర్ల షాపు గాలి పెడితే ట్యాంకు అతుకులు విడిపోగలవు, నోటితో పీల్చడమైతే ఊపిరితిత్తుల్లోకి డీజిల్ పోయే ప్రమాదం ఉంది. లాగించి స్టార్ట్ చేయడం రెండవది. పాత బండికి బ్యాటరీ దిగిపోయినప్పుడు అది పనికొస్తుంది గాని ఎయిర్ పట్టినప్పుడు పంపును ఉత్తగా తిప్పడం తప్ప ప్రయోజనం లేదు. బీఎస్-6 బండిని అలా లాగిస్తే కాలని డీజిల్ సైలెన్సర్ వైపున్న, పొగను శుభ్రం చేసే క్యాటలిస్టులోకీ పొగ ఫిల్టర్‌లోకీ చేరుతుంది. ఇంజిన్ గాలి పీల్చే దారిలో ఈథర్ స్ప్రే కొట్టడం కూడా ఇన్‌టేక్ హీటర్ ఉన్న ఇంజిన్లకు పేలుడుతో ఆటే.

ఫిల్టర్ నింపి బిగించాలా, ఖాళీగా బిగించాలా

కొత్త ఫిల్టర్‌ను డీజిల్‌తో నింపి బిగిస్తే చేతి పంపు కొట్టే శ్రమ తగ్గుతుందన్నది నిజం, ఇన్‌లైన్ పంపు బండికి అందులో పెద్ద తప్పు లేదు. కామన్ రైల్‌కు ఈ అలవాటు మానుకోవాలి. ఫిల్టర్ మధ్య రంధ్రం సాధారణంగా శుద్ధి అయిన డీజిల్ బయటికి పోయే దారి. అందులో డబ్బాలోంచి పోసిన డీజిల్ జల్లెడ పట్టకుండానే ఇంజెక్టర్‌కు చేరుతుంది, ఇంజెక్టర్ లోపలి సందులు కొద్ది మైక్రాన్లే ఉంటాయి. చాలా కంపెనీలు ఫిల్టర్‌ను ఖాళీగా బిగించి చేతి పంపుతో నింపమనే చెబుతున్నాయి. పది నిమిషాల చేతి నొప్పిని ఆదా చేయడానికి ఒక్కొక్కటి పదివేల రూపాయలు దాటే ఇంజెక్టర్లను పణంగా పెట్టడంలో అర్థం లేదు.

ఫిల్టర్ కొనుగోలులో కూడా ఇదే విభజన వర్తిస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ఒకే సైజులో కంపెనీ డబ్బా, ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత డబ్బా, ఊరూ పేరూ లేని డబ్బా మూడూ దొరుకుతాయి. మొదటి రెండింటి మధ్య ధర తేడాయే ప్రధానం గనుక రెండవది తీసుకోవడం తెలివైన పని. మూడవది పాత ఇన్‌లైన్ బండికి కూడా నేను సిఫారసు చేయను, దాని రబ్బరు రింగు సరిగ్గా కూర్చోక గాలి పీల్చే అవకాశం ఉంటుంది, అప్పుడు ఫిల్టర్ మార్చిన రోజు నుంచే కొత్త రోగం మొదలవుతుంది. రాగి వాషర్లను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ వేయడం దారిలో ఆపద గట్టెక్కించే ఉపాయమే గాని, షెడ్డులో సర్వీసు చేసేటప్పుడు కొత్తవి వేయకపోవడానికి సాకు కాదు. వానాకాలంలో నీళ్లు వేరుచేసే గిన్నెను రోజూ పొద్దున బండి తీయకముందే వదలాలి. రాత్రిపూట ట్యాంకు నిండుగా ఉంచితే లోపలి గోడలకు తేమ పట్టడం కూడా తగ్గుతుంది.

ఎవరి దగ్గరికి తీసుకువెళ్లాలి

హైదరాబాద్‌లో లారీ యజమానికి మూడు దారులు: కంపెనీ సర్వీసు సెంటర్, విజయవాడ హైవే పక్కన వనస్థలిపురం ఆటోనగర్‌లోని పంపు షాపులు, రోడ్డు మీదికి వచ్చే మేస్త్రీ. వారంటీ మిగిలి ఉన్న బీఎస్-6 బండికి చర్చ అవసరం లేదు, సర్వీసు సెంటరే. వారంటీ దాటిన ఇన్‌లైన్ పంపు బండికి ఆటోనగర్‌ను మించిన చోటు నాకు తెలియదు. అక్కడ పంపును టెస్ట్ బెంచి మీద బిగించి సిలిండర్ సిలిండర్‌కు డీజిల్ కొలిచి సరిచేసే చేతులు ఇంకా ఉన్నాయి. సర్వీసు సెంటర్లలో ఆ పనిని చాలావరకు బయటి షాపుకే పంపుతారు.

వారంటీ దాటిన కామన్ రైల్ బండి దగ్గరే అసలు ఎంపిక ఉంది. షాపు ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష, అంటే ఒక్కొక్క ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను సీసాల్లో పట్టి పోల్చడం, ముందుగా చేస్తారా అన్నది మొదటి ప్రశ్న. చేయకుండానే ఆరు ఇంజెక్టర్లూ పోయాయని చెప్పే షాపు మెట్లు వెంటనే దిగవచ్చు. ఇంజెక్టర్ మార్చాక దాని మీది కోడును స్కానర్‌తో ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదు చేస్తారా అన్నది రెండవది. కోడు అవసరమైన బండిలో ఆ పని చేయకపోతే కొత్త ఇంజెక్టర్ వేసినా ఇంజిన్ కుదుపుగానే నడుస్తుంది.

రోడ్డు మీద ఆగినప్పుడు లెక్క వేరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగితే ఎడమ అంచుకు తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం వెనుక దూరంగా పెట్టాకే క్యాబిన్ లేపాలి. జాతీయ రహదారుల మీదైతే 1033కు ఫోన్ చేయవచ్చు. ట్యాంకు ఖాళీ అయినందువల్ల ఎయిర్ పట్టిందని డ్రైవర్‌కు ఖాయంగా తెలిస్తే డీజిల్ పోసి చేతి పంపుతో ప్రయత్నించడం సబబే. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగితే, అందులోనూ కామన్ రైల్ అయితే, రెండు మూడు విడతల సెల్ఫ్‌తో ఆపి మేస్త్రీని పిలవాలి. పగటిపూట నగరంలోకి పెద్ద బండ్లకు ఆంక్షలున్నందున శంషాబాద్, పటాన్‌చెరు, మేడ్చల్ వైపుల తిరిగేవారు ఆ వైపునే వచ్చే మేస్త్రీ నంబరు ముందే రాసి పెట్టుకోవడం మేలు. క్యాబిన్‌లో ఒక ఫిల్టర్, పది రాగి వాషర్లు, మూరెడు డీజిల్ పైపు, రెండు క్లిప్పులు, సరిపడే పానాలు ఉంటే వచ్చినవారి పని సగమవుతుంది.

ఇంజెక్టర్ల విషయంలో కొత్తవా, రీకండిషన్ చేసినవా అన్న ప్రశ్నకు, మెకానికల్ నాజిల్ అయితే నాజిల్ ముక్క కొత్తది వేసి హోల్డర్ పాతదే వాడి ఒత్తిడి సరిచేయించడం చాలు. కామన్ రైల్ ఇంజెక్టర్‌ను రీకండిషన్ చేయించేటట్లయితే బెంచి మీద తక్కువ, మధ్య, పూర్తి లోడు మూడింటిలోనూ వచ్చిన డీజిల్ కొలతల కాగితం చేతికి తీసుకోవాలి, ఆ కాగితం ఇవ్వలేని చోట కొత్తదే కొనాలి. తీసేసిన పాత ఇంజెక్టర్లను కూడా అడిగి ఇంటికి తెచ్చుకోవాలి, అవి మార్పిడికి కొంత ధర పలుకుతాయి.